లాంఛన వాక్యముల తూకము

(దౌత్యసభలలోని ఆంగ్ల పదబంధములను రష్యన్ భాషలోనికి తెచ్చుటను గూర్చి, రాచమల్లు రామచంద్రారెడ్డిగారి స్మృత్యర్థము ఉయ్యూరులో చేసిన ఉపన్యాస పాఠము)



‘రారా’గా ప్రసిద్ధులైన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు కడప సీమవారు. కథకులుగా, విమర్శకులుగా, ‘సంవేదన’ పత్రికా సంపాదకులుగా వారు చేసిన సారస్వతసేవ ఈ సభలోనివారికి తెలియనిది కాదు. 1970వ దశకపు పూర్వార్ధమున వారు మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయమున తెలుగు అనువాదకులుగా పనిచేసిరి. ఆ వృత్తిలో ఆర్జించిన వివేకమునకు ఫలముగా ‘అనువాద సమస్యలు’ అను గ్రంథమును మనకిచ్చిరి. 1988లో ఆ గ్రంథమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆ సంవత్సరముననే వారు దివంగతులైరి. కడపవారి స్మరణ కృష్ణా డెల్టాలో జరుగుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకము పల్లెలోని పాఠకుని చేతికి చేరిన దారి విజయవాడ మీదుగానే సాగినది. విశాలాంధ్ర ప్రచురణాలయపు దుకాణమున స్వల్పమైన వెలకు గోర్కీనో, తోల్‌స్తోయ్‌నో, చేహోవ్‌నో కొనుక్కొని బస్సెక్కిన తరము ఈ పరిసరములలో ఇంకను ఉన్నది. రారా వ్యావహారికవాది, నేను గ్రాంథికచ్ఛాయలను విడువలేని పాతకాలపువాడను. శైలిలో వారికి దూరముగా నున్నను, అనువాదకుడు పదమునకు కాక అర్థమునకు ఋణపడియుండవలెనను వారి పట్టుదలకు మాత్రము నేను శిష్యప్రాయుడను.

నేడు నేను మాటలాడదలచిన విషయము సాహిత్యానువాదము కాదు. దానికి పొరుగున నుండి, పత్రికలలో ప్రతిదినము కనబడుచు, ఎవ్వరును పట్టించుకొనని మరియొక అనువాదము. రెండు రాజ్యముల ప్రతినిధులు ఒక బల్లకు ఇరువైపుల కూర్చుండి మాటలాడుకొనునపుడు, వారి మర్యాదలు, సందేహములు, అభ్యంతరములు, వాగ్దానములు ఒక భాషనుండి మరియొక భాషలోనికి పోవు విధానమే నా ప్రస్తుతాంశము. అందును ఆంగ్లమునుండి రష్యన్‌లోనికి పోవుటయే ఏల యనగా, స్వతంత్ర భారతదేశము సోవియట్ దేశముతో జరిపిన సంభాషణమంతయు ఇంచుమించుగా ఆ దారినే నడచినది. మన ప్రధానులు, మంత్రులు, రాయబారులు ఆంగ్లమున పలికిరి. అవతలివారు రష్యన్‌లో వినిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1949 మొదలు 1952 వరకు మాస్కోలో మన రాయబారి. 1994లో మాస్కోకు పోయి రష్యా అధ్యక్షుడు యెల్త్‌సిన్‌తో కలిసి బహుళత్వ రాజ్యముల హితరక్షణను గూర్చిన ప్రకటనపై సంతకము చేసిన ప్రధాని పాములపర్తి వేంకట నరసింహారావుగారు. ఇంటిలో తెలుగు పలికిన వీరిద్దరి మాటలును మాస్కో సభలలో ఆంగ్లముగా బయలుదేరి రష్యన్‌గా చేరినవే.

ఈ ద్విభాషివృత్తి మన సీమకు క్రొత్త కాదు. బెజవాడ నుండి ఉయ్యూరు మీదుగా పోవు దారి యెచట ముగియునో ఆ మచిలీపట్నమున 1611లో ఇంగ్లీషువారు వర్తకస్థానము పెట్టినది మొదలు, తెల్లవారికిని స్థానికాధికారులకును నడుమ నిలిచి మాటలు చేరవేసినవాడు దుబాసీ. నోటితో పలికిన దానిని దుబాసీ చూచుకొనగా, వ్రాతలో పెట్టవలసిన దానిని చూచుకొనుటకు విజయనగరప్రభువుల కాలమునుండి రాయసమువారు ఉండిరి. చిత్రమేమనగా, రష్యాలో కూడ ఈ విభజనమే కనబడును. పదునారవ శతాబ్ది మధ్యమున ఏర్పడిన రాయబార కార్యాలయమున నోటిమాటను మార్చువారిని ‘తొల్మాచ్’లనియు, లిఖితపత్రములను మార్చువారిని ‘పెరెవోద్చిక్’లనియు వేర్వేరుగా లెక్కించెడివారు. మాట గాలిలో పోవును, పత్రము పెట్టెలో నిలుచును. తప్పు చేసినచో మొదటివానికి ఆ క్షణమున ప్రమాదము, రెండవవానికి ఏండ్ల తరువాత ప్రమాదము. ఈ రెండు విధములైన ప్రమాదములును నేటికిని అట్లే యున్నవి.

దౌత్యభాషలో మొదట కంటబడునది లాంఛనము. ఒక దేశపు రాయబార కార్యాలయము మరియొక దేశపు విదేశాంగ మంత్రిత్వశాఖకు పంపు సాధారణ పత్రమును గైకొనుడు. ఆంగ్లమున అది ‘కాంప్లిమెంట్స్’ సమర్పించుటతో ఆరంభమగును, తెలియజేయు ‘గౌరవము కలిగియున్నద’ని చెప్పి విషయమునకు దిగును, తన ‘అత్యున్నతమైన కన్సిడరేషన్’ను గూర్చిన హామీలను మరల తెలుపుకొనుటకు ఈ అవకాశమును వినియోగించుకొనుచున్నదని ముగియును. ఇందలి ‘కాంప్లిమెంట్స్’ను పదమునకు పదముగా రష్యన్‌లోనికి మార్చినచో ‘కంప్లిమేంతి’ అగును. అది విందులో ఒక స్త్రీ సౌందర్యమును మెచ్చుకొను పలుకులకు చెల్లు మాట. మంత్రిత్వశాఖకు అట్టివి సమర్పించిన రాయబారి నవ్వులపాలగును. రష్యన్ సంప్రదాయము ఆ స్థానమున ‘తన గౌరవమునకు సాక్ష్యము పలుకుచున్నది’ అను అర్థమిచ్చు వాక్యమును నిలుపుకొన్నది. ముగింపులోని ‘కన్సిడరేషన్’కును ‘ఉవజేనియె’ అను ఆ గౌరవపదమే వచ్చును. దానికి ‘మిక్కిలి ఉన్నతమైన’ అను విశేషణము చేరును. రెండు ఆంగ్లపదములు ఒక రష్యన్ పదములో లీనమైనను నష్టమేమియు లేదు. ఏలయన అక్కడ పదములకు అర్థము లేదు, స్థానమే అర్థము. మన పెద్దలు జాబునకు మొదట ‘ఉభయకుశలోపరి’ అని వ్రాసినపుడు ఎవరి క్షేమమును విచారించి వ్రాసిరని అడుగువారుండరు గదా! కాని ఆ మాట లేని జాబు వచ్చినచో ఏదో కీడు జరిగినదని ఇంటిల్లిపాదియు కలతపడెడివారు. దౌత్యపత్రములందును అంతే. తీవ్రమైన నిరసనపత్రములో ముగింపు మర్యాదను వదలివేయుట కలదు; అపుడు ఆ లోపమే సందేశము. కనుక అనువాదకుడు ఉన్న లాంఛనమునకు రష్యన్‌లో దాని స్థానమున నిలుచు లాంఛనమును పెట్టవలెను. లేని లాంఛనమును దయతలచి చేర్చరాదు.

సంబోధనల చరిత్ర మరింత చమత్కారమైనది. ఆంగ్లమున రాయబారిని ‘ఎక్సెలెన్సీ’ అందురు. రష్యన్‌లో దానికి సరియైనది ‘ప్రెవస్ఖదీతెల్‌స్త్వో’. పీటరు చక్రవర్తి 1722లో ఏర్పరచిన ఉద్యోగశ్రేణుల పట్టికను అనుసరించి సాగిన వ్యవస్థలో ఆ బిరుదు మూడవ, నాల్గవ తరగతుల అధికారులకు చెల్లెడిది. అంతకు పైవారికి ఇంకను పెద్ద బిరుదుండెడిది. 1917 నవంబరులో సోవియట్ ప్రభుత్వము ఆ బిరుదులనన్నింటిని రద్దుచేసినది. తమలో తాము ‘తవారిష్’ అని పిలుచుకొనిన ఆ అధికారులు, విదేశీ రాయబారి యెదుట మాత్రము రద్దయిపోయిన జారుకాలపు బిరుదునే మరల నోటికి తెచ్చుకొనవలసివచ్చెను. లేదా ‘గస్పదీన్ పసోల్’, అనగా ‘రాయబారిగారు’ అని సరిపుచ్చుకొనవలసివచ్చెను. ఆంగ్లమునకు ‘యు’ ఒక్కటే. రష్యన్‌కు ‘తి’, ‘వి’ అని రెండు. నువ్వు, మీరు అను భేదము పుట్టుకతో తెలిసిన తెలుగువానికి ఇందలి కష్టమును వివరింప బనిలేదు. ఆంగ్లములో ఇద్దరు నాయకులు పేరు పెట్టి పిలుచుకొనినంత మాత్రమున రష్యన్‌లో ‘నువ్వు’ అనరాదు. ఎంత చనువును ఎన్నవ పలుకులో ఒప్పుకొనవలెనో నిర్ణయించువాడు ద్విభాషియే.

లాంఛనమును దాటి విషయములోనికి పోయినచో అసలైన పరీక్ష ఆరంభమగును. దౌత్యభాషలో మాటలు మెట్లుగా పేర్చబడియుండును. ఒక ప్రభుత్వము ఒక సంఘటనను ‘గమనించినది’, దానికంటె ఒక మెట్టు పైన ‘ఆందోళన వెలిబుచ్చినది’, ఆపైన ‘తీవ్రమైన ఆందోళన’, ఆపైన ‘విచారము’, అన్నిటికి పైన ‘ఖండన’. ప్రతి మెట్టును ఆ ప్రభుత్వము తన మంత్రులతో, మిత్రులతో ఆలోచించి ఎన్నుకొనినది. ఇచట ఉయ్యూరులో కె.సి.పి. చక్కెర కర్మాగారపు కాటాపై చెరకుబండి నిలిచినపుడు, ఆ తూకమును వ్రాసికొనువాడు రైతు మంచివాడని నాలుగు కిలోలు కలుపరాదు, చెరకు నాసిగా నున్నదని నాలుగు కిలోలు తీయరాదు. ద్విభాషి ధర్మమును అదియే. ‘ఆందోళన’కు రష్యన్‌లో ‘అజబోచెన్నస్త్’ అను పదము స్థిరపడియున్నది. ‘గమనించుట’కు ‘ప్రిన్యాత్ క్ స్వేదేనియు’ అను పలుకుబడి యున్నది. వీనిలో చిక్కులేదు. కాని ఆంగ్లమున ‘డిప్లోర్’ అను నొక మాట కలదు. అది విచారమునకు పైన, ఖండనమునకు క్రింద, రెంటి నడుమ గోడపై కూర్చున్న పదము. రష్యన్‌లో ఆ గోడపై కూర్చుండుటకు చోటు లేదు. అనువాదకుడు విచారమువైపో ఖండనమువైపో ఒకప్రక్కకు ఒరుగవలసియుండును. ఎటు ఒరిగినను ఒక రాజధానిలో ఒకరు ముఖము చిట్లింతురు.

ప్రకటనలలోని విశేషణములును ఇట్టివే. చర్చలు ‘ఆత్మీయ, మైత్రీపూర్వక వాతావరణమున’ జరిగినవని వ్రాసినచో పొత్తు కుదిరినదని అర్థము. ‘కార్యసాధక వాతావరణమున’ అనినచో పని జరిగినది, ప్రేమ అంతగా లేదని అర్థము. ‘నిష్కపటమైన అభిప్రాయవినిమయము’ అనినచో వాదులాడుకొనిరని అర్థము. సోవియట్ పత్రికలను శ్రద్ధగా చదువువారు వార్తను వదలి ఈ విశేషణములనే మొదట చూచెడివారు. ఆంగ్లమూలములోని ‘ఫ్రాంక్’ అను మాటను చూచి, అది మంచి గుణమే గదాయని ‘హృదయపూర్వకమైన’ అని మార్చిన అనువాదకుడు లోకమునకు లేని మైత్రిని ప్రకటించినవాడగును.

ఇక నామవాచకములు. రెండు భాషలు లోకమును ఒకే విధముగా పాలుపంచుకొనవు. ఒక భాష రెండుగా చీల్చిన దానిని మరియొక భాష ఒకటిగా నుంచును. ఆంగ్లమున ‘కంట్రోల్’ అనగా చేతిలో పెట్టుకొని నడుపుట. రష్యన్ ‘కంత్రోల్’ ప్రధానముగా తనిఖీ చేయుట, లెక్క సరిచూచుట. అణుశక్తిపై అంతర్జాతీయ నియంత్రణను గూర్చి 1946 నుండి ఐక్యరాజ్యసమితిలో చర్చలు జరిగిన కాలమున, ఒకే ధ్వనిగల ఈ రెండు పదములు రెండు భావములను మోయుచుండెను. ఒకరు అధికారమును అడుగుచుండగా మరియొకరికి తనిఖీ వినబడగల అవకాశము ఆ పదములోనే పొంచియుండెను. ఆంగ్లమున ‘డిటరెన్స్’ వేరు, ‘కంటెయిన్‌మెంట్’ వేరు. శత్రువు దెబ్బతీయకుండ భయము చెప్పి ఆపుట మొదటిది, శత్రువు విస్తరింపకుండ కట్టడిచేయుట రెండవది. రష్యన్‌లో ‘స్దెర్జివానియె’ రెంటికిని చెల్లును. కాని మొదటిదానికి ‘ఉస్త్రషేనియె’ అను మాటయు కలదు, దానికి బెదిరించుట యని అర్థము. అమెరికావారి అణ్వాయుధనీతిని పేర్కొనునపుడు సోవియట్ రచయితలు తరచుగా ఈ బెదిరింపు పదమునే ఎన్నుకొనెడివారు. ఒక పదమును ఎన్నుకొనుటలోనే ఒక రాజకీయ నిర్ణయము ఇమిడియుండునని దీనివలన తెలియుచున్నది.

వాగ్దానముల విషయమున ఈ చిక్కు మరింత ప్రమాదకరము. ఆంగ్లమున ‘ఆబ్లిగేషన్’ చట్టబద్ధమైన బాధ్యత. ‘కమిట్‌మెంట్’ మాట యిచ్చుట, అది చట్టమునకు లొంగవచ్చును, లొంగకపోవచ్చును. రష్యన్‌లో రెంటికిని సామాన్యముగా ‘అబ్యజాతెల్‌స్త్వో’ యే దిక్కు. కావున ఆంగ్లమున సద్భావనతో పలికిన మాట, రష్యన్‌లో ఋణపత్రముపై చేవ్రాలువలె వినబడగలదు. అణువిద్యుత్కేంద్రముల చర్చలలో ‘సేఫ్టీ’, ‘సెక్యూరిటీ’ అను రెండు పదములు వచ్చును; యంత్రము ప్రమాదమునకు లోనుగాకుండుట ఒకటి, దానిని దొంగలనుండియు దుండగులనుండియు కాపాడుట మరియొకటి. రష్యన్‌లో ‘బెజొపాస్నస్త్’ ఒక్కటియే. అందుచే రెండవదానికి ‘భౌతిక’ అను విశేషణమును తగిలించి వేరుచేయుదురు. 1988 నవంబరులో కూడంకుళమును గూర్చి కుదిరిన ఒడంబడిక మొదలుకొని ఇట్టి పత్రములు మన రెండు దేశముల నడుమ నడచుచునే యున్నవి. ఆంగ్లమున ‘డికేడ్’ అనగా పదేండ్లు. రష్యన్ ‘దెకాదా’ సామాన్యముగా పది దినములు! ఐక్యరాజ్యసమితి 1960లను అభివృద్ధి దశాబ్దముగా ప్రకటించినపుడు, రష్యన్ అనువాదకుడు ధ్వనిసామ్యమునకు లొంగి యుండినచో లోకముయొక్క దారిద్ర్యమును పది దినములలో పోగొట్టెదమని పూనుకొనినట్లయ్యెడిది. అతడు ‘దెస్యతిలేతియె’ అను పదమును వాడి మానవజాతికి తగిన వ్యవధి నిచ్చెను. రష్యన్‌కు లోటైన చోటనెల్ల తెలుగునకును లోటని తలపరాదు. ‘పాలసీ’, ‘పాలిటిక్స్’ అను రెంటికిని రష్యన్‌లో ‘పలీతిక’ ఒక్కటే. మన తెలుగులో విధానము వేరు, రాజకీయము వేరు. ఈ విషయమున మనము ఆంగ్లముతో సమానులము.

క్రియలలో నున్న సొగసు వేరు. ఆంగ్లమున మాటలాడు మంత్రి ‘మీ ప్రతిపాదనను పరిశీలింతుము’ అనును. ఆ వాక్యము పరిశీలన ముగియునని చెప్పదు, ముగియదనియు చెప్పదు. అందులోనే దాని సౌకర్యము. రష్యన్ క్రియకు పూర్ణమనియు అపూర్ణమనియు రెండు రూపములు. పూర్ణరూపమున ‘రస్స్‌మోత్రిమ్’ అనినచో పరిశీలించి ఒక కొలిక్కి తెచ్చెదమని వాగ్దానము. అపూర్ణరూపమున ‘బూదెమ్ రస్స్‌మాత్రివత్’ అనినచో పరిశీలించుచుందుము, ఎన్నటికి తేలునో చెప్పలేము. మంత్రి పలికిన మాటలో లేని నిర్ణయమును ద్విభాషి ఆ క్షణమున తన తలపై వేసికొనక తప్పదు. వ్యాకరణమే అతనిని బలవంతపెట్టును. ఇట్టిచోట మంచి ద్విభాషి మాటను గాక, మాటకు వెనుకనున్న సమావేశమును అనువదించును: ఈ ప్రతిపాదన ఎన్ని పర్యాయములు వచ్చినది, మంత్రి ఇదివరకు ఏమనినాడు, నేడు ఫైలు ముందు పెట్టుకొని పలికినాడా, లేచిపోవుచు పలికినాడా అను విషయములే అతనికి నిఘంటువు.

లేనిదానిని కలిగించుట యెంత కష్టమో, ఉన్నదానిని పోనిచ్చుటయు అంత కష్టమే. 1967 నవంబరు 22వ తేదీన భద్రతామండలి ఆమోదించిన 242వ తీర్మానము, ఆ సంవత్సరపు యుద్ధములో ఆక్రమించిన భూభాగములనుండి ఇస్రాయేలు సేనలు వైదొలగవలెనని చెప్పినది. ఆంగ్లపాఠమున ఆ భూభాగములకు ముందు ‘ది’ అను చిన్ని పదము లేదు. లేదు గనుక అన్ని భూభాగములనుండి అని అర్థము కాదని ఒకపక్షమువారు వాదించిరి. ఫ్రెంచి పాఠమున ఆ స్థానమున నిర్దేశవాచకము కలదు గనుక అన్నిటినుండియు అనియే అర్థమని మరియొక పక్షమువారు వాదించిరి. రష్యన్‌లో అట్టి పదమే లేదు. తెలుగున లేనట్లే అక్కడను లేదు. రష్యన్ పాఠము రెండు వాదములకును చోటిచ్చుచు మౌనముగా నిలిచినది. మన దేశపు ప్రతినిధి జి. పార్థసారథిగారు, అన్ని భూభాగములనుండియు వైదొలగుటయే ఈ ముసాయిదాకు తాము గ్రహించిన అర్థమని వోటుకు ముందే సభలో స్పష్టపరచిరి. వ్యాకరణము తీర్పలేని సందేహమును ప్రకటన చేసి తీర్చుటకు యత్నించుట దౌత్యములో నొక మార్గము. అయితే ద్విభాషికి అట్టి స్వేచ్ఛ లేదు. రచయితలు బుద్ధిపూర్వకముగా మసకగా నుంచిన దానిని మసకగానే దాటించుట అతని విధి. దీపము పట్టుకొని వెలుగు చూపుట నేరము.

మన చరిత్రకు నేరుగా సంబంధించిన రెండు పత్రములను పరిశీలించినచో ఈ మాట స్పష్టమగును. 1966 జనవరి 10వ తేదీన తాష్కెంటులో భారత ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారును, పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్‌ఖానుగారును సంతకములు చేసిన ప్రకటన మొదటిది. దానిని సాధ్యముచేసినవాడు సోవియట్ ప్రధాని కొసీగిన్. కాని అతడు ‘మధ్యవర్తి’యని ఎక్కడను వ్రాయలేదు. అంతర్జాతీయ న్యాయమున మధ్యవర్తిత్వము వేరు, ‘గుడ్ ఆఫీసెస్’ వేరు. మధ్యవర్తి పరిష్కారమును ప్రతిపాదింపవచ్చును. రెండవదానిలో ఉభయులను ఒకచోటికి చేర్చి మాటలాడుకొనుటకు వీలు కల్పించుట మాత్రమే. కాశ్మీరు విషయమున మూడవవారి తీర్పును అంగీకరింపని భారతదేశమునకు ఈ భేదము ప్రాణప్రదము. రష్యన్‌లో దీనికి ‘దోబ్రియె ఉస్లూగి’ అని, అనగా మంచి సేవలని, స్థిరమైన పదబంధము కలదు. మధ్యవర్తిత్వమునకు ‘పస్రేద్నిచెస్త్వో’ అను వేరు పదము కలదు. ప్రకటనలో కొసీగిన్‌ను ‘సాక్షిగా’ నుండుమని ఉభయులును ఆహ్వానించిరి. ఆ ఒక్క మాటలో అతని గౌరవమును నిలిచినది, అతని అధికారమునకు హద్దును ఏర్పడినది. తెలుగున ఈ రెండు వ్యవహారములకును తరచుగా మధ్యవర్తిత్వమనియే వ్రాయుచుందుము. ఆ అలవాటు దిద్దుకొనదగినది.

రెండవది 1971 ఆగస్టు 9వ తేదీన న్యూఢిల్లీలో ఉభయదేశముల విదేశాంగ మంత్రులు స్వరణ్‌సింగ్, గ్రొమీకోలు సంతకములు చేసిన శాంతి, మైత్రీ, సహకార ఒడంబడిక. పండ్రెండు అధికరణములు గల ఈ ఒడంబడిక హిందీ, రష్యన్, ఆంగ్లభాషలలో వెలువడినది. మూడు పాఠములును సమానముగా ప్రామాణికములు. అనగా వీనిలో మూలము లేదు, అనువాదము లేదు, మూడును మూలములే. అందు నాల్గవ అధికరణమున సోవియట్ దేశము భారతదేశపు అలీన విధానమును గౌరవించుచున్నదని కలదు. ఆ విధానమునకు రష్యన్‌లో ‘నెప్రిసయెదినేనియె’ యని, అనగా చేరకుండుటయని పేరు. తటస్థతకు ‘నెయిత్రలితేత్’ అను వేరు పదము కలదు. కూటములలో చేరకుండుట వేరు, న్యాయాన్యాయముల నడుమ మౌనముగా నుండుట వేరని నెహ్రూగారు ఎన్నోమారులు చెప్పియుండిరి. ఒడంబడికలో ఆ భేదమును రష్యన్ పదము నిలబెట్టినది. తొమ్మిదవ అధికరణము ఇంకను నేర్పుగా వ్రాయబడినది. ఇరువురిలో ఒకరిపై దాడి జరిగినను, దాడి భయము కలిగినను, వెంటనే పరస్పరము సంప్రదింపులు జరిపి, ఆ భయమును తొలగించుటకును శాంతిభద్రతలను కాపాడుటకును ‘సముచితమైన, ఫలవంతమైన’ చర్యలు గైకొందురు. సైన్యమును పంపుదుమనలేదు, పంపమనియు అనలేదు. ‘సంప్రదింపులు’ అను పదమును ఒక భాషలో కొంచెము బిగించినచో అది సైనికసంధి యగును, అలీన విధానము నిరర్థకమగును. కొంచెము సడలించినచో అది పలుకుబడి మాత్రమగును, ఆ యేడు యుద్ధమేఘములు క్రమ్మిన తూర్పుసరిహద్దున దానిని ఎవ్వరును లెక్కచేయరు. మూడు భాషలలోను ఒకే బిగువున ఆ మాట నిలిచినందుననే ఆ ఒడంబడిక పని జరిగినది.

లిఖితపత్రమును సరిదిద్దుకొనుటకు వ్యవధి యుండును. నోటి మాటకు ఉండదు. రాధాకృష్ణన్ గారు రాయబారిగా నుండినపుడు స్తాలిన్‌ను 1950లోను, 1952లోను రెండుమారులు కలిసికొనిరి. అశోకచక్రవర్తి నెత్తుటి విజయము తరువాత యుద్ధమును విడనాడెననియు, స్తాలిన్‌కు మాత్రము అట్టిది ఏల జరుగరాదనియు రాధాకృష్ణన్ గారు చమత్కరింపగా, అద్భుతములు అప్పుడప్పుడు జరుగుచుండునని, తాను క్రైస్తవ దైవశాస్త్ర పాఠశాలలో చదివినవాడనేనని స్తాలిన్ బదులుచెప్పినట్లు ప్రసిద్ధమైన వృత్తాంతము కలదు. ఆ వృత్తాంతమున ఇద్దరు మహాపురుషులను మాత్రమే మనము చూతుము. నాకు మాత్రము వారి నడుమ కూర్చున్న మూడవ వ్యక్తి కనబడుచున్నాడు. సర్వాధికారిని పశ్చాత్తాపపడుమని సూచించు ఆంగ్లవాక్యమును, ఆ సర్వాధికారి యెదుటనే, ఎగతాళి కానీయక, ఉపదేశము కానీయక, అందలి చిరునవ్వును చిందనీయక రష్యన్‌లో పలుకవలసినవాడు అతడే. బదులు హాస్యముగా వచ్చినదనిన, ప్రశ్న హాస్యముగా చేరినదనియే యనుకొనవలెను.

దీనికి ప్రతిగా ఎదురుదారిలో జరిగిన యొక ఉదాహరణము కలదు. 1956 నవంబరులో మాస్కోలో పశ్చిమదేశముల రాయబారుల సమక్షమున సోవియట్ నాయకుడు ఖ్రుశ్చోవ్ ‘మిమ్ములను పాతిపెట్టుదుము’ అనెను. ద్విభాషి విక్తర్ సుఖొద్రేవ్ ఆ మాటను ఉన్నదున్నట్లు ఆంగ్లమున పలికెను. ధనికవర్గమునకు గోరీ త్రవ్వువారు కార్మికులేనను మార్క్స్, ఎంగెల్సుల వాక్యము ఆ పలుకునకు వెనుకనున్నది. వినినవారికి మాత్రము అది అణుయుద్ధపు బెదిరింపుగా తోచినది. తరువాత 1963లో ఖ్రుశ్చోవ్ స్వయముగా, పారతో త్రవ్వి పాతిపెట్టుదుమని కాదు, మీ కార్మికవర్గమే ఆ పనిచేయునని వివరించుకొనెను. ద్విభాషి తప్పుచేసెనని పలువురు వ్రాసిరి. నేను వారితో ఏకీభవింపను. వక్త మొరటుగా మాటలాడినపుడు దానిని మెత్తబరచుట ద్విభాషి చేయవలసిన ఉపకారము కాదు. వక్త మాటకు వక్తయే బాధ్యుడు. మెత్తబరచుట ఒకసారి అలవడినచో, అవతలివారు ఇక ఏ మాటను నమ్మవలెనో తెలియక పోవును. నిజమైన కోపము వచ్చిననాడు అది చేరదు.

ఇంతవరకు చెప్పినదానిని క్రోడీకరించినచో, రారా సాహిత్యానువాదమును గూర్చి పట్టుబట్టిన సూత్రమునకును, దౌత్యానువాద ధర్మమునకును విరోధము లేదని తేలుచున్నది. మూలభాష వాక్యనిర్మాణమునకు దాస్యము చేయు తెలుగును వారు సహింపలేదు. దౌత్యానువాదకుడును ఆంగ్ల లాంఛనమునకు దాస్యము చేయడు. రష్యన్‌కు సహజమైన లాంఛనమును దాని స్థానమున నిలుపును. అయితే సాహిత్యానువాదకునకు ఉన్న ఒక స్వాతంత్ర్యము ఇతనికి లేదు: మూలమును మెరుగుపరచు స్వాతంత్ర్యము. మసకను మసకగా, పరుషమును పరుషముగా, అర్ధవాగ్దానమును అర్ధవాగ్దానముగా దాటించి, తాను కనబడకుండ తొలగిపోవుటయే ఇతని ప్రతిభ. లాంఛన వాక్యములు వట్టి డొల్లమాటలని పరిహసించువారు, యుద్ధమునకును శాంతికిని నడుమ అనేకమారులు నిలిచినవి ఆ డొల్లమాటలేయని మరువరాదు.

ఇందు తెలుగువారికి కర్తవ్యమేమున్నది? మొదటిది, మన భాషలో ఈ మెట్లను మనమే కట్టుకొనవలెను. ఆందోళన, విచారము, అభ్యంతరము, నిరసన, ఖండన అను పదములు మనకు కలవు. వానిని పత్రికలలోను ప్రభుత్వపత్రములలోను ఒకదానికి మరియొకటిగా విచ్చలవిడిగా వాడుచున్నాము. ఏ ఆంగ్లపదమునకు ఏ తెలుగుపదము నిలుకడగా చెల్లవలెనో నిర్ణయించు పొందికైన పదకోశమును మన విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలును, పత్రికాసంపాదకులును కలిసి సిద్ధపరుపవలెను. రెండవది, రష్యన్‌కును తెలుగునకును నడుమ ఆంగ్లమును దుబాసీగా పెట్టుకొను అలవాటును తగ్గించుకొనవలెను. ఉప్పల లక్ష్మణరావుగారి వంటి వారు మాస్కోలో ఏండ్లతరబడి తెలుగు చేసిరి. లెనిన్‌గ్రాదు విశ్వవిద్యాలయమున నికితా గురోవ్ వంటి పండితులు రష్యన్ విద్యార్థులకు తెలుగు నేర్పిరి. ఆ వంతెన అవతలితీరమునుండి కూడ కట్టబడినదే. నేడు వైద్యవిద్యకై రష్యాకు పోవుచున్న తెలుగు యువతీయువకులు అక్కడ ఏండ్లు గడపి, ఆస్పత్రులలో రోగులతో రష్యన్‌లోనే మాటలాడి తిరిగివచ్చుచున్నారు. వారికి నా మనవి ఇది: మీరు కష్టపడి ఆర్జించిన ఆ భాషను పట్టాతో పాటు పెట్టెలో పెట్టి తాళము వేయకుడు. ఏడాదికి ఒక చిన్న కథనో, ఒక ఒడంబడిక పాఠమునో, ఒక వ్యాసమునో రష్యన్‌నుండి నేరుగా తెలుగులోనికి తెచ్చి మీకు దగ్గరనున్న సాహిత్యసంఘమునకు పంపుడు. రామచంద్రారెడ్డిగారి స్మృతికి అంతకు మించిన నివాళి లేదు.